పన్నెండు దగ్గర చుక్కలు

చిన్ని ఫోనులో పెట్టిన షరతు దగ్గర కదా కథ ఆగింది. "ఆదివారం రా. ఆ సిలిండరు నా కళ్లముందు మళ్లీ బిగించు. మొదటినుంచి చివరిదాకా నేను చూడాలి. చూశాకే నీతో ఇంటికి రావాలో వద్దో చెప్తాను" అంది. అవతలినుంచి "వస్తా" అని ఒక్క ముక్క వినిపించింది. ఆ మనిషి దగ్గర మాటలకు మొదటినుంచీ కరువే.

వెనకటి భాగాలు అందనివాళ్లు కంగారు పడక్కర్లేదు, సంగతి చిన్నదే. చిన్ని గడియారాలు బాగుచేస్తుంది. పక్క కొట్లో కళ్లద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే అతన్ని ఇష్టపడి చేసుకుంది. అతను ఏ పనైనా ముందు చూస్తాడు, ఆ తర్వాత ఇంకోసారి చూస్తాడు, అప్పుడు గానీ చెయ్యి పెట్టడు. చిన్ని తండ్రి సిటీ బస్సు డ్రైవరు. ఆయనకు ఈ తీరు చూస్తే ఒళ్లుమంట. అల్లుడికి 'నిదానం' అని పేరు పెట్టిందీ, "సెకన్ల ముల్లుని గంటల ముల్లుకిచ్చి చేశాం" అని పెళ్లిలో అందరినీ నవ్వించిందీ ఆయనే. ముళ్లు రెండూ సుఖంగానే తిరిగాయి, వేసవిలో ఆ ఆదివారం వచ్చేదాకా.

ఆ రోజు అత్తగారింటి పెరట్లో కండెలూ మాంసం కాల్చుకునే గ్యాస్ గ్రిల్లుకి కొత్త ప్రొపేన్ సిలిండరు బిగించింది నిదానం. వెలిగించబోయింది చిన్ని. మూత ఎత్తి లైటరు నొక్కగానే లోపలినుంచి మంట భగ్గున లేచి ఆమె కుడిచేతిని కాల్చేసింది. తర్వాత గ్యాస్ దుకాణం అతను వచ్చి చూశాడు. మంట పెంచే, తగ్గించే నాబులన్నీ కట్టే ఉన్నాయి, పైపు చెక్కుచెదరలేదు, కాబట్టి గ్యాసు పోయింది సిలిండరు బిగించిన చోటే అని తేల్చి వెళ్లిపోయాడు. ఇంకేముంది, ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు అందరి చూపులూ నిదానం మీద పడ్డాయి. అతను అవునూ అనలేదు, కాదూ అనలేదు. చిన్నికి కాలిన చెయ్యి కన్నా ఆ మౌనమే ఎక్కువ మండింది. తప్పు నాదే అని ఉంటే క్షమించేది, నాది కాదని ఉంటే నమ్మేది. ఏమీ అనని మనిషిని ఏం చేసుకోవాలో తెలియక పుట్టింట్లోనే ఉండిపోయింది.

చూడ్డానికి వచ్చిన పిన్ని ఒకావిడ "చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభమే" అని నిట్టూర్చింది. నిజంగా చెయ్యి కాలినవాళ్ల ముందు ఆ సామెత అనకూడదని ఆవిడకి ఎవరు చెప్పాలి.

ఇప్పుడు చిన్ని చేతి కట్లు విప్పారు. వేళ్లు మళ్లీ మాట వింటున్నాయి, పట్టకారుతో గోరంత మరనైనా తియ్యగలుగుతోంది. కానీ అగ్గిపుల్ల గియ్యమంటే మాత్రం మణికట్టు దగ్గరే వణుకు మొదలవుతుంది. కొట్లో చిన్న స్పిరిట్ దీపం వెలిగించాల్సిన పనులన్నీ పక్కన పడుతున్నాయి. ఇంట్లో టీ కూడా తల్లే పెట్టిస్తోంది. ఒక మనిషిమీద నమ్మకం, ఒక మంటమీద ధైర్యం, రెండూ ఒకే రోజు పోయాయి. రెండింటినీ తిరిగి తెచ్చుకోవడమో, రెండింటికీ దణ్ణం పెట్టేయడమో, ఏదో ఒకటి ఇవాళ తేలిపోవాలని చిన్ని నిశ్చయించుకుంది.

ఆదివారం ఎండ కాస్త చల్లబడ్డాక వచ్చాడు నిదానం. భుజాన గుడ్డసంచి, చేతిలో మొక్కలకు నీళ్లు చల్లే సీసా. మనిషి చిక్కాడు. చొక్కాకి కింది గుండీ లేకపోవడం చిన్ని చూసింది, చూడనట్టు ఊరుకుంది. తల్లి మంచినీళ్లు తెచ్చిచ్చింది. అతను తాగి గ్లాసు ఇవ్వగానే అడక్కుండానే మళ్లీ నింపుకొచ్చింది. అత్తా అల్లుడూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. వీళ్లకి ఇంత మొహమాటం ఎప్పటినుంచో అనుకుంది చిన్ని, అంతకు మించి ఆలోచించలేదు.

పెరడంటే పెద్దదేం కాదు. సిమెంటు నేల, అడ్డంగా బట్టల తీగ, గోడవార నీలం పట్టా కప్పుకుని గ్రిల్లు. తండ్రి దానికి ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, లైసెన్సుకి పరీక్ష పెట్టే అధికారిలాగా చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

ఆ గ్రిల్లుకీ ఆయనకీ ఉన్న బంధం ఇంట్లో అందరికీ తెలుసు. కిందటేడు ఆయన నడుపుతున్న బస్సు స్టాపు దగ్గర ఒకావిడకి రాసుకుంది. ఆవిడ కోలుకుంది గానీ, డిపోవాళ్లు ఆయన చేతిలోంచి స్టీరింగు తీసేసుకున్నారు. ఆ తర్వాత ఆయన మంచం మీద గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు. పిలిస్తే పలకడు, పెడితే తినడు. డాక్టరు మాత్రల వల్ల కాని పని ఈ గ్రిల్లు వల్ల అయింది. తల్లే ఎక్కడో చూసి కొనుక్కొచ్చింది. ఆదివారం దాని ముందు పట్టకారు పుచ్చుకుని నిలబడితే చాలు, ఆయన మళ్లీ డ్రైవరుగారు అయిపోయేవాడు, కేకలూ జోకులూ మొదలయ్యేవి. సోమవారం పొద్దున్న దాన్ని విప్పి తోమి తుడిచేది మాత్రం తల్లే. చిన్ని చెయ్యి కాలిన రోజునుంచి ఆ పట్టా ఎవరూ తియ్యలేదు.

"చిన్నీ, ఇక మొదలుపెట్టమను మీ ఆయన్ని" అన్నాడు తండ్రి. ఆయన అల్లుడితో నేరుగా మాట్లాడటం మానేసి చాలా కాలమైంది. ఎదురుగా నిలబడి ఉన్నా సరే, మాట కూతురి మీదుగానే వెళ్లాలి.

నిదానం పట్టా తీసి మడత పెట్టాడు. గ్రిల్లుని గోడ దగ్గరనుంచి, బట్టల తీగ కిందనుంచి నడిమధ్యకి లాగాడు. మూత పూర్తిగా వెనక్కి ఎత్తాడు.

"ముందు మూత" అన్నాడు చిన్నితో. "మంట అంటుకునేదాకా ఇది తెరిచే ఉండాలి."

ఆ తర్వాత నాబులు చూశాడు. ఒక్కొక్కదాన్నీ కుడివైపుకి తిప్పబోయాడు, కదల్లేదు. "ఇవి కట్టే ఉన్నాయి" అన్నాడు.

చిన్ని వంగి చూసింది. నాబుల మీద అచ్చువేసిన గుర్తులు ఎప్పుడో అరిగిపోతే, గేటుకి వెయ్యగా మిగిలిన తెల్లరంగుతో తండ్రి ఒక్కోదాని మీద ఒక్కో చుక్క పెట్టుకున్నాడు. గుండ్రంగా ఏది కనిపించినా గడియారంలా చదవడం ఆమెకు వృత్తిలోంచి వచ్చిన అలవాటు. మూడు చుక్కలూ మూడు గంటల దగ్గర ఉన్నాయి. ఎందుకో అక్కడ ఏదో తేడా ఉందనిపించింది. ఏమిటో అంతుపట్టలేదు.

నిదానం లోపలి జల్లెడలు తీసి, బర్నరు గొట్టాలు ఒకటొకటిగా ఊడదీశాడు. సంచిలోంచి సన్నని తీగ బ్రష్షు తీసి గొట్టంలోకి దూర్చాడు. బూడిదరంగు దూదిలాంటిది బయటికొచ్చింది.

"ఏంటది?" అంది చిన్ని.

"సాలెగూడు. ఎందుకో సాలీళ్లకి ఈ గొట్టాలంటే మోజు. ఇది అడ్డుపడితే గ్యాసు ముందుకి పోలేక వెనక్కి తంతుంది."

"ఇల్లు ఖాళీ చేయిస్తున్నాడన్నమాట పాపం" అన్నాడు తండ్రి బట్టల తీగ వంక చూస్తూ. "చెప్పు చిన్నీ, సామాను సర్దుకోడానికి దానికి కాస్త టైమిమ్మను."

చిన్నికి నవ్వొచ్చింది. ఆపుకుంది. నిదానం మాత్రం నిజంగానే ఆ గూట్లోంచి పాకిన సాలీడుని కాగితం మీదికి ఎక్కించుకుని గోడ అవతల వదిలి వచ్చాడు.

ఆ రోజే విప్పేసిన కొత్త సిలిండరు మెట్ల కింది గూట్లో ఉంది. దాన్ని బయటికి తెస్తూ, "దీన్ని ఇంట్లో పెట్టకూడదు మామయ్యగారూ" అన్నాడు మెల్లగా. "ఈ గ్యాసు గాలికన్నా బరువు. బయటికొస్తే పైకి పోదు. నీళ్లలాగా పల్లం చూసుకుని కింద కూర్చుంటుంది. బయటే, నిలువుగా పెట్టాలి."

తండ్రి వినపడనట్టు గడ్డం గోక్కున్నాడు.

నిదానం పాత పైపుని చేతిలోకి తీసుకుని వంచి చూశాడు, ఆ రోజు లేని సన్నటి పగుళ్లు ఒకచోట కొత్తగా కనపడ్డాయి, పక్కన పడేశాడు. సంచిలోంచి కొత్త పైపు తీసి గ్రిల్లుకి బిగించాడు. ఆ తర్వాత రెండోకొసన ఉన్న నట్టుని సిలిండరు మూతికి చేర్చి చేత్తోనే తిప్పాడు. ఆ చేతుల్ని చిన్ని కన్నార్పకుండా చూస్తోంది. ఇవే చేతులు. కళ్లద్దాల ఫ్రేముకి కంటికి ఆనని మరలు బిగించే చేతులు. ఇవి తప్పు చేశాయని తనే కదా నమ్మింది.

సిలిండరు వాల్వుని కొంచెంగా, చాలా మెల్లగా తెరిచాడు. సీసాలో సబ్బునీళ్లు. పైపు పొడవునా, రెండు కొసల దగ్గరా చల్లి, మోకాళ్ల మీద కూర్చున్నాడు. చిన్ని కూడా పక్కనే కూర్చుంది.

సిలిండరు మూతి దగ్గర ఒక చిన్న బుడగ లేచింది. పగిలింది. అక్కడే ఇంకోటి లేచింది.

"అదిగో" అన్నాడు తండ్రి కుర్చీలోంచి ముందుకి వంగి. "చూశావా? నిప్పు లేనిదే పొగ రాదు."

ఇంతకాలం తప్పు అతనిదేనని నమ్మింది తనే అయినా, నిజం కాకూడదని లోపల్లోపల ఎంత కోరుకుందో ఆ బుడగని చూశాకే చిన్నికి తెలిసింది. వంటింటి గుమ్మంలో తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

నిదానం కంగారు పడలేదు. వాల్వు కట్టేశాడు. నట్టు విప్పి లోపలికి చూశాడు. వేలికి గుడ్డ చుట్టి మూతి తుడిచి, ఆ గుడ్డని చిన్ని ముందు పరిచాడు. ఇసుక రేణువు ఒకటి. మళ్లీ బిగించాడు, మళ్లీ తెరిచాడు, మళ్లీ చల్లాడు. ఇద్దరూ చూస్తూ కూర్చున్నారు. సబ్బునీళ్లు జారి నేలమీద చుక్కలు చుక్కలుగా పడ్డాయి. ఈసారి ఒక్క బుడగా రాలేదు.

"లీకుంటే ఇలా చెప్పేస్తుంది" అన్నాడతను. "అందుకే వెలిగించకముందే అడగాలి."

చిన్ని అతనివైపు తిరిగింది. "ఆ రోజు కూడా ఇలా చూశావా?"

"చూశాను."

"ఇంతసేపూ?"

"ఇంతకన్నా ఎక్కువే. మామయ్యగారు లోపల్నుంచి కేకలేస్తున్నారు, నీ సబ్బునీళ్లయ్యేసరికి మా ఆకలి చచ్చిపోతుందని."

"బుడగ వచ్చిందా?"

"రాలేదు."

"మరి గ్యాసు ఎక్కణ్నుంచి వచ్చింది?"

అతను సీసా మూత బిగించుకుంటూ కూర్చున్నాడు. మళ్లీ అదే మౌనం. చిన్నికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నాళ్లూ ఈ గోడకే కదా తల బాదుకుంటున్నది. ఏదో గట్టిగా అనబోయింది.

ఆలోపు తండ్రికి ఓపిక అయిపోయింది. "ఇంక చాల్లే, ఈ ముచ్చట తీరేసరికి తెల్లారుతుంది" అంటూ లేచి గ్రిల్లు దగ్గరికి వచ్చాడు. నాబులు చూసి మొహం చిట్లించాడు. "ఎవడు తిప్పాడు వీటిని? చుక్కలు పైకుండాలి కదా" అని గొణుగుతూ మూడింటినీ వరసగా నొక్కి తిప్పేశాడు. మూడు చుక్కలూ పన్నెండు దగ్గరికి వచ్చి నిలబడ్డాయి.

స్‌స్‌స్ అని చప్పుడు మొదలైంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన గుప్పుమంది.

నిదానం అంత వేగంగా కదలడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. సిలిండరు మీద పడి వాల్వు కట్టేశాడు. చిన్నిని భుజం పట్టి వెనక్కి లాగాడు. "మామయ్యగారూ, ఇటు రండి. ఎవరూ ఏమీ వెలిగించకండి. కాసేపు గాలి ఆడనివ్వాలి" అన్నాడు. తర్వాత వెళ్లి నాబులు మూడూ తిప్పి కట్టాడు.

చప్పుడు ఆగింది. చిన్ని నిలబడ్డ చోటే నిలబడిపోయింది. ఆమెకు ఆ వేసవి మధ్యాహ్నం కళ్లముందుకొచ్చింది. చేతిలో లైటరు, ముందు మూసి ఉన్న మూత. మూత ఎత్తబోతూ నాబులవైపు చూసింది. మూడు చుక్కలూ నిటారుగా పన్నెండు దగ్గర. పన్నెండు అంటే సున్నా, సున్నా అంటే ఆపి ఉన్నట్టే అనుకుంది. ఎవరైనా అలాగే అనుకుంటారు. వాసన కూడా వచ్చింది. కొత్త సిలిండరు కదా, బిగించేటప్పుడు కాస్త వస్తుందిలే అనుకుంది.

"నాన్నా" అంది. "చుక్క పైకుంటే కట్టినట్టు కాదా?"

"కట్టినట్టెలా అవుతుంది? అది నా మంట. ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఒకసారి కుదిరాక నేను వాటిని ముట్టుకోను. బస్సులో అద్దం సర్దుకున్నాక మళ్లీ కదుపుతామా?"

"మరి ఆపేటప్పుడు?"

"సిలిండరు దగ్గర ఆపేస్తాను. అక్కడ కడితే ఇక్కడ కట్టినట్టే కదా. ఎప్పుడూ అంతే. సిలిండరు తెరుస్తాను, వెంటనే వెలిగిస్తాను. నాబుల జోలికి..."

ఆయన మాట అక్కడ ఆగిపోయింది. తను చెప్పింది తనకే వినపడినట్టుంది. సిలిండరు వంక చూశాడు, చుక్కల వంక చూశాడు, కూతురి చేతి వంక చూశాడు. సిలిండరు తెరిచి వెంటనే వెలిగించే మనిషికి ఆ అలవాటుతో ఏ బాధా లేదు. తెరిచి, సబ్బునీళ్లు చల్లి, బుడగలకోసం ఓపిగ్గా కూర్చునే మనిషి వచ్చిన రోజున, అంతసేపూ గ్యాసు మూత కింద నింపాదిగా పేరుకుంది. నిదానం జాగ్రత్తే చిన్నిని కాల్చింది. దానికి దారి తెరిచి పెట్టినవి ఆయన చుక్కలు.

"ఆ రోజు..." అన్నాడు తండ్రి. "నాబులు కట్టే ఉన్నాయన్నాడు కదా ఆ గ్యాసతను. నువ్వు బిగించేముందే కట్టి ఉంటావనుకున్నాను అల్లుడూ."

అల్లుడూ అన్నాడు. కూతురి మీదుగా కాదు, నేరుగా. అది ఆయన గమనించలేదు.

కుర్చీలో కూలబడ్డాడు. అక్కణ్నుంచే అన్నాడు: "బస్సు సంగతిలో నా తప్పెక్కడుందో ఇప్పటికీ నాకు తెలీదు. ఎన్నిసార్లు తలుచుకున్నా దొరకదు. ఇది మాత్రం దొరికింది. నా పిల్ల చేతిని నేనే కాల్చుకున్నాను." ఆయన కళ్లనీళ్లు తుడుచుకోలేదు, దాచుకోలేదు.

చిన్నికి ఆయన దగ్గరికి వెళ్లాలనిపించింది. ఆయన మీద కోపం కూడా వచ్చింది. అన్నిటికన్నా ఎక్కువగా తనమీద తనకే సిగ్గేసింది. ఎదురింటివాళ్లు సైతం నిదానాన్ని చూసి మొహం తిప్పుకుంటే, ఆ తిప్పుకున్న మొహాల్లో మొదటిది తనదే. వెళ్లి తండ్రి భుజం మీద చెయ్యి వేసింది, కాలిన చెయ్యే. కానీ ఆమె చూపు మొగుడి మీదే ఉంది.

"నువ్వు కట్టావా ఆ రోజు నాబులు?"

"లేదు. కట్టే ఉన్నాయనుకున్నా. చుక్కలు పైనున్నాయి కదా. మూత మూసి ఉండటంతో చప్పుడు కూడా వినపడలేదు."

"మంట లేచాక?"

"నేను సిలిండరు దగ్గరికి పరిగెత్తా."

"నేను నీ చెయ్యి కుళాయి కింద పెట్టి పట్టుకున్నా" అన్నాడు తండ్రి. "గ్యాసతను వచ్చేదాకా అక్కణ్నుంచి కదల్లేదు."

"మరి అతను వచ్చేలోపు వాటినెవరు కట్టారు?"

నిదానం ఆకాశం వంక చూశాడు. "వాసన పోయింది. ఇక వెలిగించొచ్చు" అన్నాడు.

మాట దాటేస్తున్నాడని చిన్నికి అర్థమైంది. అయినా ఒత్తిడి చెయ్యలేదు. ముందు తేలాల్సింది ఇంకోటి ఉంది, అది ఆమె మణికట్టులోనే ఉంది. చెయ్యి చాపింది. అతను పొడుగు లైటరు అందించాడు.

"ఏం చెయ్యాలో చెప్పు" అంది.

"మూత తెరిచి ఉందా చూడు. మొహం పక్కకి పెట్టు, పైన వంగొద్దు. నేను సిలిండరు మెల్లగా తెరుస్తా. ముందు లైటరు మంట బర్నరు దగ్గర పెట్టు, తర్వాతే ఒక్క నాబు తిప్పు. అంటుకోకపోతే వెంటనే కట్టెయ్. మళ్లీ కాసేపు ఆగుదాం. తొందరేం లేదు."

"నీకెప్పుడుంది గనక" అంది చిన్ని. నిదానం పెదాలమీద చిరునవ్వు వచ్చింది. ఎన్నాళ్లకో ఆ పాత ఎత్తిపొడుపు.

లైటరు నొక్కింది. కొసన చిన్న మంట. చెయ్యి వణుకుతోంది, మంట కూడా వణుకుతోంది. నిదానం సాయం పట్టలేదు, పక్కన నిలబడ్డాడంతే. చిన్ని ఎడమచేత్తో నాబు నొక్కి తిప్పింది. టప్ మని చిన్న చప్పుడుతో బర్నరు పొడవునా నీలం మంట పాకింది. కొసల్లో పసుపు లేదు. రెండోది తిప్పింది, మూడోది తిప్పింది. లైటరు ఆర్పి, చేతిని కళ్లముందు పెట్టుకుని చూసుకుంది. ఏమీ కాలేదు. వణుకు ఎప్పుడు ఆగిందో తెలియలేదు.

"ఇవాళ వెళ్లేటప్పుడు నా బట్టల పెట్టె నువ్వే మొయ్యాలి" అంది మంటలవైపే చూస్తూ. "బరువుగా ఉంటుంది. మధ్యలో ఆగి ఆలోచించకు."

నిదానం తలూపాడు. మాట్లాడితే ఏమవుతుందో అని భయపడ్డట్టు పెదాలు బిగించుకున్నాడు. ఆ మౌనం చిన్నికి ఈసారి మండలేదు.

తండ్రి లేచి వచ్చి పట్టకారు తీసుకున్నాడు, తీసుకుని ఏం చెయ్యాలో తెలియక మళ్లీ కూర్చున్నాడు. వంటింట్లోంచి తల్లి పళ్లెం నిండా మొక్కజొన్న కండెలు తెచ్చింది. కూతురు మంట ముందు నిలబడి ఉండటం చూసి ఆవిడ కళ్లు చెమ్మగిల్లాయి. నాబులు ఎవరు కట్టారని చిన్ని అడిగినప్పుడు ఆవిడ గుమ్మంలో లేదు, ఎప్పుడు లోపలికి వెళ్లిందో ఎవరూ చూడలేదు.

అప్పుడే గోడ మీదుగా గాలి విసురుగా వచ్చింది. తీగమీద బట్టలు ఎగిరాయి. గ్రిల్లులో నడిమి మంట ఆరిపోయింది, చిన్ని కుడిచెయ్యి నాబువైపు వెళ్లేలోపే స్‌స్ అని చప్పుడు మొదలైంది.

"చెయ్యి తియ్యి చిన్నీ" అంది తల్లి. పళ్లెం సిమెంటు మీద పడింది. కండెలు దొర్లిపోయాయి. ఒక్క అంగలో వచ్చి కూతురికీ గ్రిల్లుకీ మధ్య నిలబడింది. ఆవిడ చూపు కూతురి కుడిచేతి మీదే ఉంది, పక్కకి తిరగలేదు. ఆవిడ ఎడమచెయ్యి మాత్రం వెనక్కి వెళ్లి నాబుల్ని తడుముకోకుండా దొరకబుచ్చుకుంది. ఒకటి, రెండు, మూడు, కుడివైపుకి, ఆగేదాకా. మంటలు టపటపా ఆరిపోయాయి.

మూడు తెల్లచుక్కలూ మూడు గంటల దగ్గర వరసగా నిలబడ్డాయి.

చిన్ని ఆ చుక్కల్ని చూసింది. చూడకుండా వాటిని అక్కడికి చేర్చిన చేతిని చూసింది. ప్రతి సోమవారం వీటిని విప్పి, తోమి, తుడిచి, మళ్లీ ఆయనకి నచ్చినట్టు పైకి తిప్పిపెట్టే చెయ్యి అది. ఏది తెరిచినట్టో ఏది కట్టినట్టో ఈ ఇంట్లో ఆయన తర్వాత తెలిసింది ఒక్కరికే.

"అమ్మా" అంది చిన్ని, చాలా నెమ్మదిగా. "ఆ రోజు కూడా నువ్వేనా?"

తల్లి చెయ్యి నాబు మీదే ఉండిపోయింది. ఆవిడ కూతురి వంక చూడలేదు. తల తిప్పి అల్లుడి మొహంలోకి చూసింది, ఇవాళ మొదటిసారి.

"చెప్పేశావా బాబూ?"

"నేను చెప్పలేదు అత్తయ్యగారూ. మీరు వద్దన్నాక ఎలా చెప్తాను?" అన్నాడు నిదానం.

వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది. తండ్రి లేచి నిలబడ్డాడు. పట్టకారు ఇంకా ఆయన చేతిలోనే ఉంది. మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్న నాన్న చిన్నికి కళ్లముందు మెదిలాడు.

"ఏం చెప్పకూడదన్నావే అతన్ని?" అని అడిగాడు భార్యని. "ఎవరికి చెప్పకూడదన్నావు?"